జపాను బొమ్మల కథలకు పడమటి పతకాలు

ఫుజివరా మాకి అనే ఇల్లాలు 1999లో కన్నుమూసింది. ఆమె వ్రాసి, బొమ్మలు వేసిన పుస్తకానికి 2024 జులైలో అమెరికాలోని శాన్ డియేగో నగరంలో బహుమతి ఇచ్చారు. నడుమ గడిచినవి అక్షరాలా పాతికేళ్ళు.

ఆ పుస్తకం పేరు మన భాషలో చెప్పుకుంటే 'నా బొమ్మల దినచర్య'. జపానులో 1982లో అచ్చయింది. ఒక పుటలో బొమ్మ, ఎదుటి పుటలో నాలుగు మాటలు. అంతే దాని కట్టుబాటు. టోక్యో శివారున చిన్న కాపురం, ఆడుకునే వయసు పిల్లవాడు, వంట, బట్టలు, వాన, బజారు, సాయంకాలం. భర్త యోషిహారు త్సుగె మాత్రం సామాన్యుడు కాడు. 1960ల చివర జపాను బొమ్మల కథను పెద్దలు చదువుకునే సాహిత్యంగా మలచినవారిని లెక్కపెడితే ఆయన పేరు మొదటి వరుసలో వస్తుంది. బయట అంత పేరున్న మనిషికి ఇంట్లో మనసు నిలకడ లేదు. ఆందోళన పట్టుకుని పని సాగక, ఏ మాట అంటే ఏమవుతుందో తెలియని స్థితిలో మగని చుట్టూ మెలగడం ఎట్లా ఉంటుందో ఆమె ఎవరినీ నిందించకుండా వ్రాసుకున్నది. పెళ్ళికి ముందు ఆమె నాటకాలాడిన మనిషి. రంగస్థలం విడిచి వంటింటికి వచ్చిన చెయ్యి కుంచె పట్టుకున్నదన్న మాట. గీత ముద్దుగా, చిన్నపిల్లలు వేసినట్టు ఉంటుంది. విషయం మాత్రం ఏ గృహిణికైనా గుండె పట్టేస్తుంది.

2023లో ఒక కెనడా ప్రచురణ సంస్థ దానిని ఇంగ్లీషులోకి తెప్పించి వేసింది. మరుసటి ఏడే బహుమతి. బొమ్మల కథల లోకంలో ఈ బహుమతిని మించినది అమెరికాలో లేదంటారు. మరి దాని వల్ల ఎవరికేమి ఒరిగింది? గీసిన మనిషి లేదు. జపాను పాఠకులు ఆ పుస్తకాన్ని నలభయ్యేళ్ళ నాడే చూచారు. 'పడమటివాళ్ళు ఇచ్చే బహుమతులు మాంగా గీసేవారికి పట్టింపేనా, చదివేవారికి పట్టింపేనా' అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ముందు ఈమె గుర్తుకు వస్తుంది.

మాంగా అంటే తెలియని పెద్దలు ఇంట్లో ఉంటే పిల్లలను అడగండి, చెబుతారు. జపాను వాళ్ళ బొమ్మల కథ. కుడి నుంచి ఎడమకు చదవాలి. ఎక్కువ భాగం నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. మన పిల్లల చేతుల్లో ఫోన్లలోనూ పుస్తకాలుగానూ ఇప్పుడు తరచు కనిపిస్తున్నది.

ఇక బహుమతి సంగతి. దాని పేరు ఐస్నర్ బహుమతి. విల్ ఐస్నర్ అనే అమెరికా చిత్రకారుని పేరిట 1988 నుంచి ఇస్తున్నారు. శాన్ డియేగోలో వేసవిలో జరిగే కామిక్స్ తిరునాళ్ళలో ప్రదానం. తిరునాళ్ళ అన్న మాట కావాలనే వాడుతున్నాను, జనం ఆ తీరుగానే వస్తారు. కొద్దిమంది న్యాయనిర్ణేతలు కూర్చుని జాబితాలు తయారు చేస్తారు. ఆ మీదట ఆ వృత్తిలో ఉన్నవారు, అంటే వ్రాసేవారు, గీసేవారు, సంపాదకులు, ప్రచురణకర్తలు, అంగళ్ళవారు ఓటు వేస్తారు. డబ్బు పెట్టి కొనుక్కుని చదివే మామూలు పాఠకుడికి ఇందులో ఓటు లేదు.

ఇంకొక మెలిక ఉన్నది. జపాను పుస్తకాలకు వచ్చే బహుమతి పూర్తి పేరు చూడండి: విదేశీ గ్రంథానికి వెలువడిన ఉత్తమ అమెరికా ప్రచురణ, ఆసియా విభాగం. బహుమతి 'ప్రచురణ'కు. అంటే ఇంగ్లీషు చేసినవారికీ, బుడగల్లో ఇంగ్లీషు అక్షరాలు కూర్చినవారికీ, కాగితం ఎంచి అచ్చు వేసినవారికీ అందులో వాటా ఉన్నదన్న మాట. ఇది తప్పని నేననను. 1913లో టాగూరుకు నోబెల్ వచ్చినప్పుడు స్వీడనువారు చదివినది వంగభాష కాదు గదా, ఆయన తానే చేసుకున్న ఇంగ్లీషు. కాకపోతే టాగూరు అనువాదకుడి వాటా కూడా తన జేబులోనే వేసుకున్నాడు. మాంగా గీసేవారిలో ఆ వీలున్నవారు తక్కువ.

ఆ ఆసియా విభాగం విజేతలను వరుసగా చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. 2010లో యోషిహిరో తత్సుమి ఆత్మకథ. 2012లో షిగెరు మిజుకి యుద్ధకథ. 2018లో గెంగొరో తగామె వ్రాసిన 'మా తమ్ముడి భర్త'. 2020లో తైయో మత్సుమోతో 'లూవ్ర్ పిల్లులు'. అన్నీ మంచివే, నిదానంగా చదువుకోవలసినవే. కాని జపానులో రైలెక్కిన ప్రతి కుర్రవాడికీ తెలిసిన 'వన్ పీస్' ఆ వరుసలో లేదు. 'డ్రాగన్ బాల్' లేదు. 'నరుటో' లేదు. వన్ పీస్ అంటే ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన ఓడదొంగల కథ. 2021కి నూరు సంపుటాలైనవి. ఒకే రచయిత చేతి మీదుగా వెలువడిన ఒకే బొమ్మల కథ ఇన్ని ప్రతులు అచ్చు కావడం ప్రపంచంలో ఎక్కడా లేదని 2015లో గిన్నిస్‌వారు వ్రాసుకున్నారు. అప్పటికి 32 కోట్ల పైచిలుకు ప్రతులు. అంతటి కథకుడికి శాన్ డియేగో పతకం లేదని దిగులున్నదా? ఉండడానికి కారణం కనిపించదు.

ఎందుకో తెలియాలంటే ఆ కథ పుట్టే చోటు చూడాలి. వారపత్రికలో ధారావాహిక చదివే అలవాటున్న మన ఇళ్ళవారికి ఇది చెప్పడం సులువు. 'షోనెన్ జంప్' అనేది జపాను కుర్రవాళ్ళ వారపత్రిక. 1968లో పుట్టింది. ఇరవై దాకా ధారావాహికలు ఒకేసారి నడుస్తుంటాయి. 1995 నాటి ఒక సంచిక 65 లక్షల 30 వేల ప్రతులు అచ్చయింది. ఆ అంకె చూచి మన పత్రికాధిపతులు నిట్టూర్చవలసిందే. సంచికలో ఒక కార్డు పెట్టి ఇచ్చేవారు. చదివిన కుర్రవాడు తనకు బాగా నచ్చిన మూడు కథల పేర్లు అందులో వ్రాసి పోస్టు చేయాలి. సంపాదకులు ఆ కార్డులు లెక్కపెట్టి వరుస కట్టేవారు. పై వరుసలో ఉన్న కథ సాగుతుంది. అడుగున పడి లేవలేని కథను పది వారాలకే ముగించమని కబురు చేస్తారు. హీరో ఎంత గొప్పవాడైనా సరే, రెండు వారాల్లో కథ చుట్టేయవలసిందే. మన దగ్గర కూడా సంపాదకుడి బల్ల మీద ఉత్తరాల కట్ట లావును బట్టి నవల పది వారాలు పెరిగిన కాలాలు లేకపోలేదు. కాని ఇంత కర్కశమైన లెక్క మనవారెన్నడూ పెట్టలేదు.

వారానికి పంతొమ్మిది పుటల చొప్పున బొమ్మలు వేసే మనిషికి నిద్రే కరవు. అతని ఆలోచన అంతా వచ్చే వారం కార్డుల మీద. పన్నెండేళ్ళ కుర్రవాడు గళ్ళలో గీసే అంకె అతని అన్నం. సముద్రం అవతల ఎవరో ఓటు వేసి ఏడాదికొకసారి ఇచ్చే పతకం అతని దినచర్యలోకి ఎక్కడ నుంచి వస్తుంది?

పోనీ, పతకాలే కావాలంటే ఇంట్లోనే ఉన్నవి. షొగాకుకాన్ సంస్థ ఇచ్చేది 1950ల నుంచీ ఉన్నది. కొదాన్షా సంస్థ బహుమతి ఇప్పటి రూపంలో 1977 నుంచి. అసాహి దినపత్రిక 1997లో తెజుకా పేరిట ఒకటి పెట్టింది. 2008లో వచ్చిన 'మాంగా తైషో' నాకు అన్నిటికన్న ముచ్చటగా తోస్తుంది. పుస్తకాల అంగళ్ళలో పనిచేసే మాంగా పిచ్చివాళ్ళు ముందుండి, ఎనిమిది సంపుటాలు మించని కొత్త కథలను చదివి ఎంచుతారు. ఇప్పటికే కొండెక్కినవాడిని మళ్ళీ ఎక్కించడం దేనికని కాబోలు. ఇన్ని ఉండగా అమెరికావారి గుర్తింపు కోసం అక్కడ ఎవరూ చూరు పట్టుకుని వేళ్ళాడవలసిన అవసరం లేదు.

ఇంతటితో 'పట్టింపు లేదు' అని తేల్చేయవచ్చును. కాని కొందరి విషయంలో కథ అడ్డం తిరుగుతుంది.

జుంజి ఇటో సంగతి తీసుకోండి. పళ్ళ వైద్యుల దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో ఉంటూ 1987లో ఒక దయ్యం కథ పోటీకి పంపాడు. మొదటి బహుమతి కాదు, ప్రోత్సాహక బహుమతి దక్కింది. ఆ తరువాత ముప్పయ్యేళ్ళు భయం పుట్టించే కథలే వేశాడు. జపానులో అభిమానులకు కొదవ లేదు. పెద్ద పతకాలు మాత్రం ఆ గుమ్మం త్రొక్కలేదు. దయ్యాల కథలకు ఎక్కడైనా అంతేనేమో. మన సాహిత్య సభల్లో మాత్రం దయ్యం కథ వ్రాసినవాడికి ఎవరు శాలువా కప్పారు? అటువంటి ఇటోకు 2019లో ఒక ఐస్నర్, 2021లో రెండు, 2022లో మరొకటి వచ్చినవి. 2021 నాటి రెండింటిలో ఒకటి ఆసియా గదిలోది కాదు. వ్రాయడమూ గీయడమూ రెండూ తానే చేసే వారిలో ఉత్తముడని, అమెరికా వారితో సమానంగా నిలబెట్టి ఇచ్చినది. ఇంట్లో మూల కూర్చున్న పిల్లవాడిని పొరుగువాడు వచ్చి 'వీడు మీ వాడేనా?' అని మెచ్చుకున్నట్టయింది.

షిగెరు మిజుకి కథ వేరు. యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుని, మిగిలిన ఒక్క చేత్తో జీవితమంతా బొమ్మలు వేసిన మనిషి. చిన్నతనంలో తనకు దయ్యాల కథలు చెప్పిన ముసలమ్మ మీద వ్రాసిన 'నోన్‌నోన్‌బా'కు 2007లో ఫ్రాన్సులోని ఆంగులేమ్ ఉత్సవంలో ఉత్తమ గ్రంథ పురస్కారం వచ్చింది. జపాను పుస్తకం ఆ పురస్కారం అందుకోవడం అదే మొదలు. అప్పటికి ఆయనకు ఎనభై దాటినవి. కాని ఆయన పెరిగిన సకైమినాతో ఊరివారు అంతకు చాలా ముందే, 1993 నుంచి, ఆయన సృష్టించిన దయ్యాలకు వీధి పొడవునా కంచు విగ్రహాలు పెట్టుకున్నారు. పతకం తరువాత వచ్చింది, విగ్రహాలు ముందు వచ్చినవి. ఈ వరుస నాకు బాగున్నది.

రుమికో తకహాషి మరొకరు. పుస్తకాలు 20 కోట్లు దాటిన రచయిత్రి. శాన్ డియేగోవారి ఘనుల పట్టికలో ఆమె పేరు ఒకటికి రెండుసార్లు ఓటుకు వచ్చి వెనక్కి పోయి, చివరకు 2018లో చేరింది. మరుసటి సంవత్సరం ఆంగులేమ్‌లో మహా పురస్కారం. ఫ్రెంచివారు అది 1974లో మొదలుపెట్టారు. జపాను వారిలో మొదటగా అందుకున్నవాడు 2015లో కత్సుహిరో ఒతొమో. అంటే నలభయ్యేళ్ళు పట్టింది. ఆ నలభయ్యేళ్ళలో జపానులో గొప్పవాళ్ళు లేక కాదు. 1989లో పోయిన తెజుకా ఒక్కడు చాలు. ఆ పుస్తకాలు చదివే కళ్ళు ఫ్రాన్సులో అప్పటికి పెరగలేదు. పిల్లలుగా టెలివిజన్లో జపాను బొమ్మలు చూచినవాళ్ళు పెద్దవాళ్ళై ఓటు వేసే వయసుకు రావలసి వచ్చింది.

దీన్ని బట్టి నాకు తోచేదేమంటే, బహుమతి పుచ్చుకున్నవారి ఎత్తు కన్న ఇచ్చినవారి ఎదుగుదల అందులో ఎక్కువగా కనిపిస్తుంది. అయినా పుచ్చుకున్నవారికి సంతోషం లేదనడం అన్యాయం. 2023 మార్చిలో మన 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చిన రోజున తెలుగువాళ్ళం ఎట్లా ఉన్నామో గుర్తు తెచ్చుకోండి. ఆ పాట మనకు క్రొత్తదా? ఏడాది నుంచి పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతూనే ఉన్నది. ఆస్కారు వచ్చిందని చంద్రబోసు మాటల్లో ఒక్క అక్షరం మారలేదు, కీరవాణి తాళం మారలేదు. అయినా ఆ ఉదయం ఇంటింటా పండుగే. జపాను పత్రికలు కూడా అటువంటి వార్తను అంతే ఇష్టంగా వేస్తాయి. పుస్తకం నడుముకు కాగితపు పట్టీ చుట్టి అమ్మడం అక్కడి ఆచారం. విదేశంలో పతకం వస్తే ఆ సంగతి పెద్ద అక్షరాలతో పట్టీ మీదికి ఎక్కుతుంది. ఇంట్లో ఉన్న వస్తువుకే బయటివాడి ముద్ర పడగానే మరొకసారి తీసి చూడడం ఒక్క మనకున్న గుణమే కాదు.

ఇక అభిమానుల మాట. వీరిలో ఒక వర్గం పతకాల వార్త వస్తే నవ్వి ఊరుకుంటుంది. 2024 మార్చిలో డ్రాగన్ బాల్ కర్త అకిరా తొరియామా మరణించినప్పుడు, భూగోళానికి అవతలి పక్కన, ఆర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో వేలమంది ఒక కూడలిలో చేరి చేతులు పైకెత్తి ఆయన కథలోని భంగిమలో నివాళి ఇచ్చారు. వారిలో ఆయనకు ఏ సంవత్సరం ఏ పతకం వచ్చిందో తెలిసినవారు ఎందరుంటారు?

మరొక వర్గం పోట్లాడుతుంది. 'మాకు వేరే గది ఎందుకు, అందరితోపాటు హాల్లో కూర్చోపెట్టండి' అని వారి వాదన. ఆసియా విభాగం లేకపోతే జపాను పుస్తకాలకు అసలు చోటే దొరకదని ఎదుటి వాదన. రెండూ నిజమే. ఇటో గెలిచిన తరువాత మొదటి వాదనకు బలం వచ్చిందని నా అభిప్రాయం. హార్వీ అనే ఇంకొక అమెరికా బహుమతి ఉన్నది. వారు మాంగాకు ప్రత్యేక విభాగం పెట్టి 2021, 2022, 2023 మూడేళ్ళూ వరుసగా తత్సుకి ఫుజిమొతో వేసిన 'చైన్సా మ్యాన్'కే ఇచ్చారు. జపానులో ఏటా అన్ని పుస్తకాలు వస్తుండగా మూడేళ్ళూ ఒకటేనా అంటే, ఓటు వేసేవారు ఎన్ని చదువుతున్నారో ఊహించుకోవచ్చు.

పతకం నిజంగా పనిచేసే చోటు ఒకటి నేను దగ్గరగా చూచాను. మా కళాశాల గ్రంథాలయ సంఘంలో నేనొక సభ్యురాలిని. డిగ్రీ రెండవ సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె తెజుకా 'బుద్ధ' ఎనిమిది సంపుటాలు తెప్పించమని చీటీ పెట్టింది. సంఘంలో ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "బొమ్మల పుస్తకాలకు కూడానా అమ్మా డబ్బు? మనకు నిఘంటువులే చాలవు" అన్నారు. నిఘంటువులు చాలవన్న మాట నిజమే, నేను తెలుగు శాఖ మనిషిని, నాకు తెలుసు. అయినా ఆ పుస్తకం నేను చదివినది. పదేళ్ళ పైగా ధారావాహికగా సాగి 1983లో ముగిసిన మహా కథ అది. బుద్ధుని కథను వరుస పలకల మీద బొమ్మలుగా చెప్పే పని తెజుకాకు పద్ధెనిమిది వందల ఏళ్ళ ముందే మన అమరావతి శిల్పులు రాతి మీద చేసి పెట్టారనీ, వాళ్ళవి మ్యూజియంలో పెట్టి వీడివి వద్దంటే ఎట్లాగనీ నేను వాదించాను. వాదం వీగలేదు, గెలవనూ లేదు. ఇంతలో మా లైబ్రేరియన్ గారు కంప్యూటరు చూచి, "దీనికి 2004లోనూ 2005లోనూ అమెరికాలో ఐస్నర్ బహుమతి వచ్చిందండీ" అన్నారు. పెద్దాయన మారు మాట లేకుండా సంతకం పెట్టారు.

అమ్మాయికి ఈ సంగతి చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ముఖం ముడుచుకుంది. "అంటే మేడమ్, ఆ బహుమతి రాకపోతే మన లైబ్రరీలోకి రాదా? నాకు కావలసినవాటిలో సగానికి ఏమీ రాలేదు" అన్నది. దానికి నేనేమి చెప్పను? తెజుకా పోయిన పదిహేనేళ్ళకు వచ్చిన బహుమతి అది. ఆయనకు దానితో పని లేదు, ఆ అమ్మాయికీ లేదు. పుస్తకం తెరవని మా పెద్దాయనకే ఉన్నది. అమెరికాలోనూ గ్రంథాలయాలవారు కొనుగోలు జాబితాలు వేసేటప్పుడు ఈ పతకాలు చూస్తారు. పుస్తకం చదవకుండా డబ్బు మంజూరు చేయవలసినవారు ప్రతి దేశంలోనూ ఉంటారు గదా.

అనువాదకులకూ ఇది అక్కరకు వస్తుంది. ఫుజివరా మాకి పుస్తకం వంటిది ఇంగ్లీషులో వేయడానికి ప్రచురణకర్తకు గుండె ధైర్యం కావాలి. చచ్చిపోయిన గృహిణి, నలభయ్యేళ్ళ నాటి దినచర్య, కత్తియుద్ధం లేదు, దయ్యం లేదు. అటువంటి దానికి బహుమతి వస్తే అలమరలో ఎక్కడో పడి ఉన్న ఇంకొక ఆడదాని నోటుపుస్తకానికి దారి తెరుచుకోవచ్చు. పతకం చరిత్రలో నాకు విలువైనదిగా తోచే భాగం ఇదొక్కటే.

తమాషా ఏమంటే, జపాను వాళ్ళు ఊరుకోలేదు. 2007లో వారి విదేశాంగ శాఖ తానే ఒక అంతర్జాతీయ మాంగా బహుమతి పెట్టి బయటి దేశాల చిత్రకారులకు ఇవ్వడం మొదలుపెట్టింది. పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయింది.

2025లో ఆసియా విభాగం బహుమతి మత్సుమోతో వేసిన 'టోక్యో ఈ రోజుల్లో'కు వచ్చింది. ముప్పయ్యేళ్ళు మాంగా పత్రికలో పనిచేసిన సంపాదకుడు, తాను నడిపిన పత్రిక మూతపడడంతో ఉద్యోగం మానేస్తాడు. బొమ్మల కథలతో ఇక పని లేదనుకుంటాడు. మనసు ఒప్పదు. తనకిష్టమైన చిత్రకారుల ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, మళ్ళీ బొమ్మలు వేయమని అడుగుతాడు. వారిలో కొందరు గీయడం ఎప్పుడో మానేసినవారు. మా అమ్మాయి ఈ ఏడాది చీటీలో మొదటి పేరు అదే వ్రాసింది. ప్రక్కన బహుమతి సంగతి కూడా వ్రాసింది, పెద్దాయన కోసం, ఎర్ర సిరాతో.